బస ఎక్కడ: పాత బంగళాలోనా, లిఫ్టు ఉన్న హోటలులోనా?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు బస గురించే ఉన్నాయి. ఊరి తీరు కనిపించే పాత ఇంట్లోనో బంగళాలోనో దిగాలా, అన్ని వసతులూ ఉన్న కొత్త హోటలులో దిగాలా అన్నదే అందరి సందేహం. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని చిక్కు దాదాపు ప్రతి కుటుంబానికీ ఎదురయ్యేదే కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: నేను రాయగడలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు పుణే నుంచి వస్తున్నారు. అందరం కలిసి గోపాలపురం సముద్రం, తప్తపాణి, చిలికా చూడాలనుకున్నాము. గోపాలపురంలో సముద్రానికి ఎదురుగా, పెద్ద వరండా ఉన్న పాతకాలపు బంగళాలో దిగాలని నా కోరిక. మా అమ్మాయి మాత్రం బరంపురంలో లిఫ్టు, ఏసీ, వైఫై ఉన్న కొత్త హోటలులో గదులు తీసుకుని, రోజూ కారులో వెళ్ళి వద్దామంటోంది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అల్లుడు మధ్యలో రెండు రోజులు ల్యాప్‌టాప్ ముందు కూర్చోక తప్పదు. మా రైలు తెల్లవారకముందే బరంపురం చేరుతుంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మాస్టారూ, మీ మాటా నిజమే, మీ అమ్మాయి మాటా నిజమే. ప్రయాణం మొత్తానికి ఒకే బస ఉండాలని ఇద్దరూ అనుకోవడం వల్లనే ఇది వాదన దాకా వచ్చింది. నాలుగైదు రాత్రుల ప్రయాణంలో ప్రతి రాత్రి అవసరమూ ఒకటిగా ఉండదు. రైలు దిగిన రోజున మనిషికి కావలసినవి వేడినీళ్ళు, శుభ్రమైన పక్క, సామాను పైకి చేర్చే మనిషి, పిల్లకు వేళకు ఇంత తిండి. ఆ రోజున గోడలు ఏ కాలం నాటివో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అదే సముద్రం ఒడ్డున గడిపే రెండు రోజులకు వస్తే, పొద్దున్న లేచి వరండాలో కూర్చోవడం, సాయంత్రం అక్కడే కబుర్లు చెప్పుకోవడం, అసలు వచ్చింది వీటి కోసమే. అటువంటి చోట నాలుగో అంతస్తులో తలుపు, కిటికీ బిగించిన ఏసీ గది తీసుకుంటే డబ్బు ఇచ్చి సముద్రానికి దూరంగా కూర్చున్నట్టే అవుతుంది. కాబట్టి మొదటి రెండు రాత్రులు బరంపురంలో అమ్మాయి చెప్పిన తరహా హోటలులో, తరువాతి రెండు రాత్రులు గోపాలపురంలో మీరు కోరిన తరహా బసలో ఉండమని మా సలహా. రెండు ఊళ్ళ మధ్య దూరం పదహారు కిలోమీటర్లు మించదు కనుక మారడం పెద్ద శ్రమ కాదు.

అల్లుడుగారి పని రెండు రోజులను బరంపురం రోజులలోనే ముగించుకోమనండి. పాత బంగళాల గోడలు మందంగా ఉంటాయి. హాలులో బాగా అందే వైఫై లోపలి గదికి వచ్చేసరికి నీరసపడిపోతుంది. కొత్త హోటలులో కూడా "వైఫై ఉందా" అని అడిగి ఊరుకోవద్దు. మీకు ఇవ్వబోయే గదిలోనే నిలబడి ఫోనులో వేగం కొలిచి, ఆ తెర ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. నిజంగా వసతి ఉన్న హోటలు వారు ఈ పని సంతోషంగా చేస్తారు. ఆయన పని చేసుకుంటున్నంతసేపూ మిగిలినవారు ఊరు చూడవచ్చు. బరంపురం పట్టు చీరలకు 2012లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది; చీర కొనకపోయినా, అంచులో గుడి శిఖరాల వంటి కుంభాల వరుస ఎలా తేలుతుందో మగ్గం దగ్గర నిలబడి మనవరాలికి చూపించండి. గది అద్దెలో ఉదయం ఫలహారం కలిసి ఉంటే, వీలైతే అది లేకుండా అద్దె ఎంతో అడగండి. వేడి వేడి బరా (గారె), ఘుగుని (బఠాణీ కూర), ఉప్మా వీధిలో దొరికే ఊళ్ళో, దేశమంతటా ఒకే రుచితో ఉండే హోటలు ఫలహారం తినవలసిన అవసరం లేదని మా అభిప్రాయం.

తెల్లవారకముందే రైలు దిగుతామన్నారు. అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. చాలా హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండు తరువాత గాని గది ఇవ్వవు. కొన్ని లాడ్జీలు ఇప్పటికీ ఇరవై నాలుగు గంటల పద్ధతిలో, అంటే మీరు దిగిన వేళ నుంచి మర్నాడు అదే వేళ వరకు లెక్క కడతాయి. మీవంటి వారికి ఈ రెండో పద్ధతి లాభం. అది కుదరకపోతే స్టేషనులోని రిటైరింగ్ రూములను రైల్వే వారి ఐఆర్‌సీటీసీ ద్వారా ముందుగా తీసుకుని, మీ ఆవిడ, మనవరాలు నాలుగు గంటలు నడుము వాల్చే ఏర్పాటు చేయండి. ప్రయాణం పాడయ్యేది సాధారణంగా హోటలు పాతది కావడం వల్ల కాదు. ఉదయం ఐదింటికి ముసలివాళ్ళను, పిల్లలను రిసెప్షనులో బల్లల మీద కూర్చోబెట్టడం వల్ల.

ఇక గోపాలపురం. అక్కడి పాత బస మీద మీకున్న మక్కువకు కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఇది రంగూనుకు ఓడలు నడిచిన రేవు. మన ప్రాంతపు కుటుంబాలు ఎన్నో ఈ తీరం మీదుగానే బర్మాకు పనికి వెళ్ళాయి. 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటలు నెలకొల్పాడు. తరువాత అది ఒబెరాయ్ సంస్థ చేతికి, అక్కడి నుంచి మేఫెయిర్ సంస్థ చేతికి వెళ్ళింది. పాతకాలపు తీరు, నేటి సౌకర్యం రెండూ ఒకేచోట కావాలంటే అటువంటివి ఉన్నాయి, వాటికి తగిన అద్దె కూడా ఉంటుంది. ఆ స్తోమతకు దిగువన రాష్ట్ర పర్యాటక సంస్థ నడిపే పాంథనివాస్, తీరం రోడ్డులోని చిన్న చిన్న లాడ్జీలు, అతిథి గృహాలుగా మారిన పాత బంగళాలు ఉంటాయి. పరిశీలన అవసరమయ్యేది ఈ మూడో రకానికే.

సముద్రపు గాలి ఇంటిని ఏం చేస్తుందో తెలుసుకుంటే, గది చూడగానే దాని సంగతి తెలిసిపోతుంది. స్విచ్‌బోర్డు మరలు చూడండి. అవి ఎర్రగా తుప్పు పట్టి, ప్లేటు చుట్టూ గోధుమరంగు మరక దిగి ఉంటే ఆ గదిలో విద్యుత్తు పనులు చేయించి చాలా కాలమైందని అర్థం. స్నానాల గది తలుపు అడుగుభాగం ఉబ్బి గచ్చును రాసుకుంటూ ఉంటే ఆ తలుపు రాత్రి పూర్తిగా పడదు. బీరువా తెరిచి వాసన చూడండి. దుప్పటిని కాదు, పరుపు చివరను పైకెత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. తేమ అక్కడ దాగుతుంది. కుళాయి తిప్పి నీరు నోటికి తగిలించి చూస్తే ఉప్పదనం తెలుస్తుంది. తీరం వెంబడి చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి తాగునీటికి ఏం ఏర్పాటు చేశారో ముందే అడగండి. ఇవన్నీ సరిగా ఉండి, కిటికీ చట్రాల రంగు వెలసిపోయినా, గచ్చు మీద సన్నని పగుళ్ళు ఉన్నా, కుర్చీలు పాతవైనా పట్టించుకోవద్దు. అవి వయసు గుర్తులు. తుప్పు పట్టిన గీజరు, కారే పైపు, పడని గడియ మాత్రం నిర్లక్ష్యం గుర్తులు. "పాత ఇల్లు కదండీ, ఇలాగే ఉంటుంది" అని యజమాని రెండింటినీ ఒకే గాట కడితే ఒప్పుకోవద్దు.

మీ ఆవిడ మోకాళ్ళ సంగతి అన్నిటికంటే ముందు ఆలోచించవలసినది. పాత బంగళాలు ఎత్తైన అరుగు మీద కట్టినవి. వీధి నుంచి వరండాకు నాలుగైదు మెట్లు ఉంటాయి, గదికి గడప ఉంటుంది, గదిలో నుంచి స్నానాల గదిలోకి ఇంకో మెట్టు దిగవలసి ఉంటుంది. ఈ చివరి మెట్టే ప్రమాదం, ఎందుకంటే రాత్రి నిద్రమత్తులో తడి కాలితో దిగేది దాని మీదనే. ఫోను చేసినప్పుడు, కింది అంతస్తు గది ఉందా, వెస్టర్న్ కమోడ్ ఉందా, దాని పక్క గోడకు పట్టుకునే కమ్మీ ఉందా, స్నానాల గదికి మెట్టు ఎంత ఎత్తు అని ఒక్కొక్కటిగా అడగండి. స్నానాల గది ఫోటో ఆ రోజు తీసినది పంపమనండి. ప్రకటనలోని ఫోటో గది తెరిచిన కొత్తలో తీసినది అయి ఉంటుంది. లిఫ్టు ఉన్న హోటలు అనగానే భరోసా పడటానికి కూడా లేదు. కరెంటు పోతే జనరేటరు మీద లిఫ్టు నడుస్తుందా, దీపాలు మాత్రమే వెలుగుతాయా అన్నది అడగవలసిన ప్రశ్న. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మూడో అంతస్తులో ఉండగా లిఫ్టు ఆగిపోతే, ఆ హోటలుకన్నా అరుగు మీది బంగళాయే నయం.

తప్తపాణికి బరంపురం నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. కొండల మధ్య గంధకపు వాసన వేసే వేడినీటి ఊట అది; అక్కడి పాంథనివాస్‌లో కొన్ని గదులకు ఆ ఊట నీరు నేరుగా స్నానపు తొట్టెలోకి వచ్చే ఏర్పాటు ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ నీటిలో కాసేపు కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం హాయిగా ఉంటుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి గాని అందులో దిగకూడదు. ఒక పగలు చాలు అనుకుంటే బరంపురం నుంచి వెళ్ళి రండి. ఆ గది దొరికితే మాత్రం ఒక రాత్రి అక్కడ ఉండటానికి వెనుకాడవద్దు, ఎందుకంటే ఏ కొత్త హోటలూ తెచ్చిపెట్టలేని వసతి అది. చిలికాను దక్షిణపు ఒడ్డున రంభ దగ్గర చూడండి. గోపాలపురం నుంచి పగటిపూట వెళ్ళి రావచ్చు. జనవరిలో వలస పక్షులు ఉంటాయి కనుక పొద్దున్నే బయలుదేరితే మంచిది.

ఇదే ప్రశ్న మీరు దసరా రోజులలో అడిగి ఉంటే మా జవాబు కొంత మారేది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా కొండలను అతలాకుతలం చేసింది. అక్టోబరు, నవంబరు నెలలలో తీరపు బసకు ముందుగా డబ్బు కట్టేవారు, వాతావరణ హెచ్చరిక వస్తే డబ్బు తిరిగి ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు తాతల నాటి పెంకుటిల్లు ఉంది. పిల్లలు భువనేశ్వర్‌లోనూ, విశాఖపట్నంలోనూ స్థిరపడ్డారు. మేమిద్దరమే ఉంటున్నాము. మూడు గదులను హోమ్‌స్టేగా ఇద్దామని మా అబ్బాయి అంటున్నాడు. పాత గోడలకు టైల్స్ వేసి, ఫాల్స్ సీలింగ్ కట్టించి, హోటలులా చేస్తేనే మనుషులు వస్తారని వాడి ఆలోచన. ఇంటి రూపం మార్చడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఇంటి రూపం మార్చవద్దు. టైల్స్, ఫాల్స్ సీలింగ్ ఉన్న గది కావలసినవారికి బస్టాండు దగ్గరి లాడ్జీలలో తక్కువ అద్దెకే దొరుకుతుంది. వారితో మీరు పోటీ పడలేరు, పడనవసరమూ లేదు. మీ ఇంటికి వచ్చేవారు వచ్చేది మండువా లోగిలి కోసం, చావిట్లో కూర్చుని మీరు చెప్పే ఊరి కబుర్ల కోసం. 1900లో నౌపడ నుంచి రాజావారు వేయించిన చిన్న రైలు, సవర గిరిజనులతో కలిసి మెలిసి వారి భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు, కొమ్ముతో బొమ్మలు చేసే పనివారు, జిల్లాలోనే మహేంద్రగిరి కొండ, ఇన్ని సంగతులు గుమ్మంలోనే ఉన్న ఊరు మీది. శివరాత్రికి కొండకు వెళ్ళే యాత్రికులు, అక్కడి కళాశాలలలో చదివే పిల్లల తల్లిదండ్రులు ఏడాది పొడుగునా బస వెతుక్కుంటూనే ఉంటారు.

అయితే మీ అబ్బాయి మాటలో ఒక సగం ఖాయంగా నిజం. వచ్చినవారు లోగిలిని మెచ్చుకుంటారు గాని, రాత్రి పెరట్లోకి నడిచి వెళ్ళి దొడ్డి వాడుకోమంటే మళ్ళీ రారు. అందుకని డబ్బంతా నాలుగు చోట్ల పెట్టండి: స్నానాల గదులు, కరెంటు తీగలు, పరుపులు, తలుపు గడియలు. ప్రతి గదికీ దాని స్నానాల గది ఉండాలి. అసలు ఇంటి గోడలు పగలగొట్టకుండా, వెనుక వసారాలోనో పశువుల కొట్టం ఉన్న చోటనో వాటిని కొత్తగా కట్టించి, గదిలోంచి ఒక్క ద్వారం తెరవండి. అక్కడ మాత్రం కాలు జారని టైల్స్ తప్పనిసరి. తీగలన్నీ మార్పించి, షాకు కొడితే సరఫరా ఆపేసే పరికరం పెట్టించండి. చెక్క దూలాల కింద పాత తీగలు ఉంచుకుని అతిథులను పడుకోబెట్టడం తప్పు.

గోడల విషయంలో మేస్త్రీ మాట వినేముందు ఒక్క క్షణం ఆగండి. పాత సున్నపు గోడ నేల నుంచి తేమ పీల్చుకుని, గాలికి మళ్ళీ వదిలేస్తూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూసి, ప్లాస్టిక్ పెయింటు కొడితే ఆ తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి రంగు పొక్కులు పొక్కులుగా లేచి, కింద నుంచి మూరెడు ఎత్తు వరకు గోడ పొడి పొడిగా రాలుతుంది. ఏటా సున్నం వేయించడం చవక, గోడకూ మంచిది. పెంకులను వానకు ముందు సర్దించి, పైన ఎలుకలు, తేళ్ళు దిగకుండా దూలాల కింద చెక్క పలకలు బిగిస్తే ఇంటి రూపమూ చెడదు, పడుకున్నవారికి భయమూ ఉండదు. ప్రతి మంచానికీ చిల్లులు లేని దోమతెర కట్టండి.

భోజనం మీ ఇంటి భోజనమే పెట్టండి. పన్నీరు కూర ఎక్కడైనా దొరుకుతుంది. పనసపొట్టు కూర, కంద బచ్చలి, దాల్మా (కూరగాయల పప్పు), రాగి అంబలి మీ వంటింట్లోనే దొరుకుతాయి. ముందు రోజు రాత్రే ఏం తింటారో అడిగి తెలుసుకుంటే మీకూ వృథా ఉండదు.

చట్టపు పనులు కొన్ని ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ లెక్క ప్రకారం, యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదుల వరకు అద్దెకిచ్చే ఇల్లే హోమ్‌స్టే తరగతిలోకి వస్తుంది. హెరిటేజ్ హోటలు అనిపించుకోవాలంటే కట్టడం 1950కి ముందుదై, కనీసం ఐదు గదులు ఉండాలి. మీవి మూడు గదులే కనుక మొదటి తరగతికే దరఖాస్తు చేయండి. పర్యాటక శాఖలో నమోదు, స్థానిక పోలీసు ఠాణాకు సమాచారం, అతిథుల గుర్తింపు కాగితాల నకళ్ళు, ఒక రిజిస్టరు ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు, వారు మన చుట్టాల పిల్లలే అయినా, దిగినప్పుడు 24 గంటల లోపల ఆ వివరాలను ఆన్‌లైనులో అధికారులకు పంపవలసిన బాధ్యత ఇల్లు ఇచ్చినవారిదే. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు వద్దు; ఏడాదికి 20 లక్షల రూపాయల రాబడి లోపు సొంతంగా నమోదు చేసుకోనవసరం లేదు. యాప్‌ల ద్వారా గది ఇస్తే ఆ పన్నును యాప్ సంస్థే కడుతుంది.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగినిని. తనిఖీ పని మీద ఒంటరిగా కొరాపుట్, జయపురం వెళ్ళవలసి వచ్చింది. పని అయ్యాక రెండు రోజులు సెలవు పెట్టి దేవమాలి కొండ, శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి చూడాలని ఉంది. కొండ పల్లెల్లో హోమ్‌స్టేలు ఉన్నాయని విన్నాను. ఒంటరి ఆడపిల్లకు అవి సరిపోతాయా, హోటలే మేలా?

జవాబు: పని రోజులకు జయపురంలోనో కొరాపుట్‌లోనో ప్రధాన రహదారి మీద, రాత్రంతా రిసెప్షనులో మనిషి ఉండే హోటలు తీసుకోండి. ఇందులో రెండో ఆలోచన వద్దు. సెలవు రోజులకు హోమ్‌స్టే నిస్సందేహంగా మంచిదే, అయితే ఆ ఇంట్లో కుటుంబం నిజంగా కాపురం ఉండాలి. ఫోను చేసినప్పుడు ఇంటి ఇల్లాలితో మాట్లాడతానని అడగండి. ఆవిడ గొంతు వినిపించకుండా మేనేజరు ఒక్కరే అన్నిటికీ జవాబు చెబుతుంటే దాని పేరు ఏదైనా అది లాడ్జి కిందే లెక్క. గది తలుపుకు లోపలి గడియ, కిటికీకి ఊచలు, ఆ పల్లెలో మీ ఫోను కంపెనీ సిగ్నలు ఉన్నాయో లేదో కనుక్కోండి. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు. శీతకాలంలో చీకటి త్వరగా పడుతుంది, ఘాట్ రోడ్ల మీద పొగమంచు కమ్ముతుంది. ఏ బస అయినా చీకటి పడకముందే చేరేలా చూసుకోండి.

ప్రశ్న: మా కొరాపుట్ వైపు కొత్తగా కట్టే హోటళ్ళలో గోడల నిండా గిరిజన చిత్రాలు వేసి, గదికి తెగల పేర్లు పెట్టి, అద్దె ఎక్కువ తీసుకుంటున్నారు. గదిలోకి వెళితే ఏ మహానగరంలోనైనా ఉండే గదే. దీన్ని స్థానికత అనవచ్చునా?

జవాబు: మీ బాధ మాకు అర్థమైంది, అది న్యాయమైనదే. సవరల ఇడితాల చిత్రం ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, పితృదేవతల కోసం, నియమంతో వేసేది. గజపతి, రాయగడ జిల్లాల లాంజియా సవర చిత్రానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానిని యంత్రం మీద అచ్చు వేసి లిఫ్టు పక్కన అంటించడం అలంకరణ అనిపించుకుంటుంది, అంతే. అయినా కొత్త కట్టడం అన్నంత మాత్రాన ఆ హోటలును తోసిపుచ్చవద్దు. కొన్ని సంగతులు అడిగి చూడండి. ఆ చిత్రం వేసినవారు ఏ ఊరివారు, వారికి డబ్బు ముట్టిందా? పక్క మీది దుప్పటి కోట్‌పాడ్ నేతదా? ఆల్ చెట్టు వేరుతో ఎరుపు రంగు అద్దే ఆ నేతకు 2005లోనే గుర్తింపు దక్కింది. భోజనంలో కొరాపుట్ కాలాజీరా బియ్యం వండుతారా, పొద్దున్న ఇచ్చే కాఫీ ఈ కొండలలో పండిన గింజదేనా, వంటవారు, పనివారు చుట్టుపక్కల పల్లెలవారేనా? వీటిలో రెండు మూడింటికి అవునన్న జవాబు వస్తే, భవనం నిన్న కట్టినదైనా అక్కడ ఊరు ఉన్నట్టే. మీ డబ్బులో కొంత ఊళ్ళో మిగులుతుంది. అన్నిటికీ కాదన్న జవాబే వస్తే, అదనపు అద్దె ఎందుకు ఇవ్వాలో వారినే అడగండి. తెగల పల్లెలకు తీసుకువెళ్ళి మనుషులను చూపిస్తామని, ఫోటోలు తీసుకోవచ్చునని ఆశ పెట్టే బసలో మాత్రం ఎంత సౌకర్యం ఉన్నా దిగవద్దని మా గట్టి మాట.

ప్రశ్న: యాప్‌లో ఒక ధర, ఫోనులో ఒక ధర, బిల్లులో ఇంకో ధర. చిన్న హోటళ్ళతో ఎలా వ్యవహరించాలి? (ఛత్రపురం)

జవాబు: యాప్‌లో చూసి, నేరుగా ఫోను చేయండి. యాప్ సంస్థకు ఇవ్వవలసిన కమిషను మిగులుతుంది కనుక చిన్న హోటలు యజమాని తరచు కొంత తగ్గిస్తాడు, మంచి గదీ ఇస్తాడు. మన ప్రాంతంలో అతను తెలుగు మాట్లాడేవాడే అయి ఉండే అవకాశమూ ఎక్కువే. చెప్పిన ధర పన్నుతో కలిపా, విడిగానా అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే ఏడాది, చైత్రమాసపు మంగళవారాలలో తారాతారిణి గుడి రద్దీ వేళ, పెళ్ళి ముహూర్తాలప్పుడు ఈ తగ్గింపులేవీ ఉండవు, గదులే దొరకవు. మాట కుదిరాక అద్దె, పన్ను, అదనపు పరుపు ధర, గది ఇచ్చే వేళ, ఖాళీ చేయవలసిన వేళ, ఈ ఐదింటినీ యజమాని చేత వాట్సాప్‌లో రాయించుకుని, ఆ తరువాతే బయానా పంపండి.